ఎడారి తోటలో నీటి వంతు



కోనసీమలో పుట్టి పెరిగినవానికి నీరు కనబడని తావు ఊహకందదు. మన మేవైపు నడచినను కాలువయో, బోదెయో, గోదావరి పాయయో కాలి కడ్డము వచ్చును. గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ చీల్చుకొని పోవు నీ భూమిలో పెరటిని కొలదిగా త్రవ్విన చాలును, చెమ్మ తగులును. అట్టి సీమలో నఱువదియేడేండ్లు బ్రతికిన నేను, నీటి విలువ నేర్చుకొనుట కొక యెడారికి పోవలసి వచ్చినదన్నచో మీరు నవ్వుదురేమో. ఆ సంగతియే నేడు మీకు విన్నవింప నెంచితిని.

నా కుమార్తె అబూదాబి నగరమున కాపుర మున్నది. ఆమె పట్టుబట్టుటచే 2025వ సంవత్సరము మాఘమాసమున నేనును నా యిల్లాలును అచ్చటికి పోయి నెలదినము లుంటిమి. మా తాతగారి కాలమున సముద్రము దాటినవానికి ప్రాయశ్చిత్తము విధించెడివారు. నేడో, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో గల్ఫు దేశములకు బిడ్డను పంపని వీథి యరుదు. మగవారు తోటలలోను కట్టుబడి పనులలోను, ఆడువారు పరుల వంటయిండ్లలోను శ్రమించి పంపిన సొమ్ముతో మన యూళ్ళలో పెక్కు పెంకుటిండ్లు డాబాలైనవి.

మేము చేరిన మూడవనాడు ఫోను మ్రోగినది. "ఆయ్, నమస్కారమండి మాష్టారూ! మీరొచ్చారని ఊర్నించి చెప్పారండి. నా తోట చూడకుండా వెళ్ళిపోతే ఎలాగండి?" అని యొక గొంతు. ఆతడు నా పూర్వశిష్యుడు. మా చేనికి దిగువ చేను గల రైతుబిడ్డ. ఇరువదియేండ్లకు పైగా నా దేశమున నుండి, అల్ అయిన్ పట్టణమునకు సమీపమున నొక యెడారి విడిదిలో తోటపనికి పెద్దగా నున్నాడు. ఆతని పిలుపు విన్నంతనే నాకు సంతోషము కలిగినది. దానితోపాటు లోపల నెన్నాళ్ళనుండియో యున్న ముల్లొకటి కదలినది. ఆ ముల్లు సంగతి పిదప చెప్పెదను.

అబూదాబినుండి అల్ అయిన్ సుమారు నూటయఱువది కిలోమీటర్లు. దారికి రెండు ప్రక్కల నిసుకయే. అరబ్బీ భాషలో 'అయిన్' అనగా నీటి యూట యనియు, కన్ను అనియు రెండర్థములు గలవని శిష్యుడు చెప్పెను. ఎడారివాని కన్నును నీరును ఒకే మాట యగుట నాకు మిక్కిలి నచ్చినది.

పట్టణము నడుమ నున్న ఖర్జూరపు తోటలోనికి ఆతడు మమ్ము ముందుగా తీసికొనిపోయెను. మట్టిగోడల నడుమ సన్నని బాటలు. ఇరువైపుల చెట్ల నీడ. ఆ యొక్క తోటలోనే లక్షా నలువదియేడు వేల ఖర్జూరపు చెట్లున్నవనియు, వానిలో నూఱు రకముల వఱకు గలవనియు చెప్పుదురు. 2011వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థవారు అల్ అయిన్ తోటలను ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి.

లోనికి పోయినకొలది నాకు కొత్తచోటున నున్నట్లు తోచలేదు. మనము కొబ్బరి క్రింద అరటియు, అరటి క్రింద కందయు పసుపును వేయుదుము గదా. వారును అంతే. పైన ఖర్జూరము గొడుగు పట్టును. దాని నీడను దానిమ్మ, నిమ్మ, అత్తి, మామిడి. వాని క్రింద పశువుల మేతగడ్డి. ఎండ మూడంతస్తులు దిగి వచ్చునప్పటికి చల్లబడును. ఒక్క నీటిబొట్టు మూడు పంటలకు పనికివచ్చును.

ఖర్జూరము మన యీతచెట్టునకు దగ్గరి చుట్టము. దీనిలో ఆడచెట్టు వేఱు, మగచెట్టు వేఱు. మేము పోయిన దినములలో పనివారు చెట్లెక్కి, మగపూల రెబ్బలను తెచ్చి ఆడగెలలలో నుంచి కట్టుచుండిరి. గాలికి వదలిపెట్టిన కాయ సరిగా నిలువదట. మన కొబ్బరికాయకు పిందె, బొండము, ముదురుకాయ, కురిడీ యని దశకొక పేరున్నట్లే, వారును ఖర్జూరమును పచ్చికాయనాడు కిమ్రీ యనియు, రంగు తిరిగినప్పుడు ఖలాల్ అనియు, మెత్తబడినప్పుడు రుతబ్ అనియు, ఎండినప్పుడు తమ్ర్ అనియు పిలుతురు. ఆకు గుడిసెకు, నార త్రాటికి, మ్రాను దూలమునకు, గింజ పశువుల దాణాకు వచ్చును. పారవేయున దేమియు లేదు.

ఒకచో శిష్యుడు నిలిచి, చెట్టు మొదట నొక రంధ్రమును, దానినుండి కారిన జిగురును చూపి, "ఇది గుర్తుపట్టారాండి?" అనెను. గుర్తింపకుందునా! మన కొబ్బరితోటల నేడిపించు ఎఱ్ఱముక్కు పురుగు. ఆ పురుగు పుట్టినిల్లు మన దక్షిణాసియా ప్రాంతము. 1985 ప్రాంతమున అరబ్బు దేశముల ఖర్జూరములను పట్టి, అటుపిమ్మట మధ్యధరా సముద్రతీరము వఱకు ప్రాకినది. ఒకచోటినుండి మఱియొకచోటికి మొక్కలను తరలించుటలో ఇదియు ప్రయాణము చేసినది. పూర్వము మన దేశమునుండి వారికి బియ్యము పోయెడిది, ఏలకులు పోయెడివి. తరువాత ఈ పురుగు పోయినది. ఇప్పుడు మన బిడ్డలు పోవుచున్నారు.

ఇక నీటి సంగతి. పర్వతపాదమున నీటిపట్టు దొరకువఱకు బావి త్రవ్వి, అచ్చటినుండి భూగర్భమున కొలదిపాటి వాలుతో సొరంగము తీసి, మైళ్ళకొలది దూరము నడపి, తోటకడ నేలపైకి తెత్తురు. యంత్రము లేదు, ఏతము లేదు. వాలే దానిని నడపును. దీనిని ఫలజు అందురు. అల్ అయిన్ ప్రాంతమున నిట్టివి సుమారు మూడువేల యేండ్లనాటివి కానవచ్చినవి. ప్రక్కనే యున్న ఒమాను దేశమున నైదు ఫలజులను 2006లో ప్రపంచ వారసత్వమున చేర్చిరి. భూగర్భజలము క్రుంగిపోవుటచే నేడు పెక్కుచోట్ల బోరుబావుల నీటిని ఈ కాలువలలోనికి తోడుచున్నారు; అయినను కాలువలు మాత్రము పాతవే.

ఆ నీటిని పంచు విధము వినుడు. మొదటి నీరు త్రాగుటకు. పిదప మసీదునకు, స్నానములకు. ఆ పైని తోటలకు. తోటకు వచ్చు నీటిని కుండతో కొలువరు; కాలముతో కొలుతురు. ఒమానులో అథర్ అను కొలత అరగంట. అనగా మన ఘడియకంటె నాఱు నిమిషములు హెచ్చు. పగలు నేలపై నాటిన కఱ్ఱ నీడను చూచియు, రాత్రి నక్షత్రముల నుదయాస్తమయములను చూచియు ఎవని వంతు ఎప్పుడు తీఱునో నిర్ణయించెడివారు. మన కృత్తికలనే వారు సురయ్యా అందురు. చీకటిలో మడవకడ నిలువబడి, తలయెత్తి కృత్తికలను చూచి, తన వంతు తీఱగానే తన చేతితోనే మడవ కట్టి, నీటిని పొరుగువానికి వదలవలెను. పంచాంగము గుణించుట నేర్చినవాడను గనుక నాకిది విని యెంతో యానందమైనది. శిష్యుడు మఱియొక సంగతి చెప్పెను. తరువాత 1971లో ఆ దేశమునకు ప్రథమాధ్యక్షుడైన షేక్ జాయెద్, 1946లో ఈ ప్రాంతమునకు పాలకుని ప్రతినిధిగా వచ్చెను. పూడిపోయిన ఫలజులను బాగుచేయించెను. సరూజ్ అను క్రొత్తదానిని త్రవ్వించెను. నీటిహక్కులు కొందఱి చేతులలోనే యుండుట చూచి, వానిని న్యాయముగా పంచదలచి, ముందుగా తన కుటుంబపు హక్కును తానే వదలుకొనెనట. ఆ పిమ్మటనే యితరులను వదలుమనెను.

మహాశయులారా! ఆ మాట వినుటతో నా ముల్లు పైకి వచ్చినది.

2002వ సంవత్సరమున దేశమున వానలు ముఖము చాటుచేసినవి మీకు జ్ఞాపక ముండును. మఱుసటి దాళ్వాకు నీరు చాలక మా బోదె క్రింద రైతులము వంతులు పెట్టుకొంటిమి. ఎగువ చేను నాది; దిగువ చేను ఈ శిష్యుని తండ్రిది. ఒకనాటి రాత్రి వంతు ఆయనది. నా చేను నెఱ్ఱెలు విచ్చుచుండెను, ఈనిక దశ. నడిరేయి లేచి, దీపము లేకుండ గట్టు వెంట పోయి, ఆయన మడవ కట్టి, నా మడవ తీసితిని. తెల్లవాఱుజామున మరల పోయి యథాప్రకారము సరిచేసితిని. ఆ వంతు పోయినచో మరల వచ్చుటకు వారము దాటును. నా చేను పండినది. ఆయన చేను తాలు పోయినది. ఆ యేడు ఆయన యరయెకరము నమ్మి, ఏజెంటుకు సొమ్ము కట్టి, చదువుకొనుచున్న కొడుకును గల్ఫునకు పంపెను.

నేను ముప్పదియేండ్లు తెలుగు పాఠము చెప్పినవాడను. భాగవతములోని రంతిదేవుని కథను ఎన్ని తరగతులకు చెప్పితినో లెక్క లేదు. నలువదియెనిమిది దినములు పస్తుండి, తుదకు దొరికిన అన్నమును అతిథుల కిచ్చి, మిగిలిన గ్రుక్కెడు నీటిని సైతము దప్పిగొన్నవానికి పోసిన మహారాజు కథ. ఆ కథ చెప్పునప్పుడు నా గొంతు బొంగురువోయెడిది. పిల్లలు కన్నులు తుడుచుకొనెడివారు. ఆ పిల్లలలో నీ శిష్యు డొకడు. అట్టి నేను పొరుగువాని వంతు నీరు దొంగిలించితిని. ఎవరికిని చెప్పలేదు. ఆయన కాలము చేసినప్పుడు పోయి కూర్చుండి వచ్చితిని గాని, అప్పుడును చెప్పలేదు.

ఆ సాయంకాలము ఫలజు గట్టున కూర్చుండి, కాళ్ళకడ జానెడు వెడల్పున పాఱుచున్న నీటిని చూచుచు ఆతనితో చెప్పితిని. "నాయనా, ఆ యేడు మీ మడవ కట్టినవాడను నేనే" అంటిని.

ఆతడు కొంతసేపు పలుకలేదు. పిదప మెల్లగా, "తెలుసండి మాష్టారూ," అనెను. "మా నాన్నకి ఆ పొద్దున్నే తెలిసిందండి. గట్టుమీద మీ అడుగులున్నాయండి."

"మఱి అడుగలేదేమి?"

"నేనూ అదే అన్నానండి. వద్దురా, నీకు అక్షరం చెప్పిన మనిషి, నలుగురిలో పెట్టకూడదు అన్నాడండి." మరల కొంత యూరకుండి, "నాన్న ఈ కాలవ చూసుంటే బాగుండేదండి," అనెను. అంతే.

నన్ను తిట్టియుండిన నాకు తేలికయై యుండును. ఆతడు లేచి, నా చేయి పట్టి గట్టు దింపెను.

ఆ రాత్రి ఆతడు పనిచేయు విడిదికి పోయితిమి. ఇసుకతిన్నెల నడుమ ఆతడు పెంచిన తోట చిన్నదే. పుదీనా, తులసివంటి యొక మొక్క, నిమ్మ, దానిమ్మ. ప్రతి పాదునకు సన్నని గొట్టముతో బొట్లుబొట్లుగా నీరు. తోట కవతల నొక పెద్ద చెట్టును చూచి నే నాగిపోయితిని. అది మన జమ్మిచెట్టు! పాండవులు ఆయుధములు దాచిన శమీవృక్షము. వారు దానిని గాఫ్ అందురు. 2008లో దానిని తమ జాతీయ వృక్షముగా ప్రకటించిరి. వేరు పదుల యడుగుల లోతునకు పోయి నీరు వెదకుకొనును. పూర్వము బెదూయినులు, అనగా గుడారములతో తిరుగు ఎడారిజనులు, కరవు దినములలో దాని యాకును తామును తిని, ఒంటెలకును మేపెడివారట. నేను చెట్టునకు ప్రదక్షిణము చేసితిని, ఎవరును నవ్వలేదు.

విడిదిలో దేశదేశములనుండి వచ్చినవారికి తివాచీలు పఱచి బెదూయిను వంటలు వడ్డించిరి. గోధుమలను మాంసముతో చాలసేపు ఉడికించి మెదిపిన హరీస్ అందు ముఖ్యమైనది. దానిని 2023లో ఐక్యరాజ్యసమితి సంస్థవారు సాంస్కృతిక సంపదలలో చేర్చిరి. ఇసుకలో గుంత తీసి, నిప్పులపై మాంసమును పూడ్చి వండిన వంటయు నుండెను. నేను శాకాహారిని గనుక వానిని చూచుటతో సరిపెట్టుకొంటిని. అన్నియు చక్కగనే యున్నవి గాని, తుదిని బిల్లు వచ్చునది విందే గాని ఆతిథ్యము గాదు గదా.

ఆతిథ్యమును మఱునాటి యుదయమున చూచితిని. విడిదికి కొంతదూరమున నొక వృద్ధ బెదూయినుకు ఒంటెల పాక గలదు. శిష్యుడు ఆయన తోటకు అప్పుడప్పుడు సాయపడుచుండును. మమ్ము దూరమునుండి చూచి ఆ ముసలాయన లేచి నిలువబడెను. మేమెవరమో, ఏ దేశమో, ఏ మతమో అడుగలేదు. నిప్పులపై కాఫీగింజలు దోరగా వేయించి, దంచి, ఏలకులు వేసి, దల్లా యను కొక్కెర ముక్కువంటి కొమ్ము గల పాత్రలో కాచెను. ఎడమచేత దల్లా, కుడిచేత చెవి లేని చిన్న గిన్నె. అందఱిలో పెద్దవాడనని ముందుగా నాకే యిచ్చెను. గిన్నెలో పాతిక వంతే పోయుదురు. నిండుగా పోసిన, త్రాగి వెళ్ళుమని యర్థమట! చాలునన్నప్పుడు నోటితో చెప్పరు; గిన్నెను కొంచెము కదలింతురు. ఈ కాఫీ మర్యాదను 2015లో నాలుగు అరబ్బు దేశములు కలిసి సాంస్కృతిక సంపదగా నమోదు చేయించినవి. పాల కాఫీకి అలవాటుపడిన నా నోటికి అది తొలుత చేదు తోచినది. కాని మన దేశమునకు కాఫీగింజలు తెచ్చినది పదునేడవ శతాబ్దమున బాబా బుదన్ అను ఫకీరనియు, అరబ్బు దేశమునుండియే తెచ్చెననియు ప్రతీతి గలదు. కనుక మనము ప్రతిదినమును త్రాగునది వారి ఋణమే.

కాఫీతో ఖర్జూరములు పెట్టిరి. కాలుచున్న ఇనుపరేకుపై పిండిని అఱచేతితో పలుచగా పులిమి, క్షణములో లేవదీయు రిగాగ్ అను రొట్టె చేసిరి. ఆ చేతివాటము చూడగా నాకు ఆత్రేయపురమున బోర్లించిన కుండపై పూతరేకులు తీయు ఆడపడుచులు జ్ఞప్తికి వచ్చిరి. రొట్టెపై నేయి, తేనె. మజ్జిగను కాచి, విఱిచి, వడగట్టిన చామీ యను పదార్థము మన విఱుగుడు వంటిది. ఒంటెపాలు కొంచె ముప్పన. ఎడారిలో ఎంతో దూరము నడచివచ్చినవానికి ఇంతకంటె నేమి కావలెను? ఆ గుడారములలో పూర్వాచారము ప్రకారము అతిథికి మూడుదినములు ప్రశ్న లేకుండ తిండియు రక్షణయు నుండెడివట. శత్రువైనను అంతేయట. నేడు నేను పొమ్మన్న, రేపు నన్ను ఇసుకలో మఱియొకడు పొమ్మనును. అప్పుడు చావు తప్పదు. వారి యౌదార్యమునకు మూలము కలిమి గాదు, దాహము.

మేము తినిన తరువాతనే ముసలాయన ప్రశ్న వేసెను. శిష్యుడు తెలుగు చేసి చెప్పెను: "మీ ఊళ్ళో నీళ్ళున్నాయా అని అడుగుతున్నాడండి."

"ఉన్నవి. ఏటికి పదినెలలు కాలువ పాఱును. పెద్ద నది గలదు" అంటిని.

ముసలాయన కన్నులు విప్పి, ఆకాశమువైపు చేతులెత్తి ఏమో యనెను. శిష్యుడు నా ముఖము చూడక, నేల చూచుచు చెప్పెను: "అయితే మీ ఊళ్ళో నీళ్ళకోసం తగువులే ఉండవన్నమాట, అదృష్టవంతులు అంటున్నాడండి."

నేను గిన్నెను కదలించితిని. నాకు వేఱు సమాధానము దొరకలేదు.

మహాశయులారా! 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్టతో మన సీమకు అన్నము వచ్చినది. అంతకు కొన్ని దశాబ్దముల తరువాత లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు ఆ అన్నమును వేళ కాని వేళ వచ్చిన వారికెల్ల వడ్డించి, 1909లో పరమపదించు వఱకు ఆ వ్రతమును విడువలేదు. అంతర్వేది యాత్రకు బయలుదేరి, దారిలో ఎవరో ఆకలితో తన యింటికే పోవుచున్నారని విని, దర్శనము మాని వెనుదిరిగిరని మన పెద్దలు చెప్పుదురు. పి. గన్నవరమున వైనతేయపైనుండి నీటిని దాటించు అక్విడక్టునకు నేడామె పేరే. అన్నము పెట్టిన చేతి పేరు నీటి వంతెనకు పెట్టుట ఎంత తగినదో నేను ఎడారికి పోయి వచ్చిన పిమ్మట గాని తెలిసికొనలేదు. ఆ యక్విడక్టు మీదుగా ఎన్నిమాఱులు పోయితినో!

నేను తిరిగివచ్చి చేసిన పని చిన్నది. మా బోదె క్రింద రైతులను కూర్చుండబెట్టి, 2003నాటి నా దొంగతనమును వారి యెదుట ఒప్పుకొంటిని. కొందఱు తల వంచుకొనిరి, ఎందుకో నేనడుగలేదు. ఇకపై నీరు తక్కువైన దాళ్వాలో వంతు శివారునుండి మొదలు కావలెననియు, ఎగువనున్న నా చేనికి తుదివంతు చాలుననియు చెప్పితిని. అందఱు నొప్పుకొనలేదు. ముగ్గు రొప్పుకొనిరి. ఆ ముగ్గురితోనే మొదలు పెట్టినాము. శిష్యుని తల్లి యింకను బ్రతికియున్నది. ఆమె చేనికి నీరు పాఱినదని తెలిసిన పిదపనే నా మడవ తీయుచున్నాను.

మీరందఱును ఊరి పెద్దలు. మీ మాట బోదె గట్టున చెల్లును. మీ గ్రామములలో ఎగువ చేలు ఎవరివో మీకు తెలియును. పెక్కింటికి అవి మనవే. రాబోవు దాళ్వాకు వంతులు వ్రాయునప్పుడు, పట్టికలో మొదటి పేరు శివారు రైతుది వ్రాయుడు. మన బిడ్డ లెచ్చటనో యెడారిలో బొట్టుబొట్టుగా నీరు పోసి తోటలు పెంచుచున్నారు. వారు సెలవులకు వచ్చి గట్టున నిలువబడినప్పుడు మనము తల దించుకొను స్థితి రాకుండుగాక.